పాత టీషర్టులతో బొంత కుట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతాను. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి హాస్టల్ ఖాళీ చేసి వచ్చినప్పుడు ఒక గోనెసంచి నిండా పాత టీషర్టులు తెచ్చాడు. వాటితో బొంత కుట్టాను. చూసినవాళ్లలో కొందరు కుట్టిమ్మన్నారు, ఎక్కువమంది ఎలా కుట్టాలో చెప్పమన్నారు. అందరూ అడిగేవే ఇక్కడ రాశాను. జవాబులన్నీ కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి తెలుసుకున్నవి.

ఇది మనం ఎరిగిన బొంతేనా, వేరేదా?

బొంతే. మా జేజి శనక్కాయ పని అయిపోయాక, చలి మొదలయ్యే ముందు, మధ్యాహ్నాలు కూర్చుని కుట్టేది. పైన ఒక చీర, కింద ఒక చీర, మధ్యలో చిరిగిన పంచెలు, పాత లంగాలు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరసగా పోగులు వేసుకుంటూ పోయేది. ఇలాంటిదే కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్లో కాంతా. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగవాళ్లు కుట్టే కవండి అనే బొంతకు నాలుగు మూలల్లో మడత పెట్టిన చిన్న గుడ్డముక్కలను పూలలా కుడతారు. అవి లేకపోతే ఆ బొంత పూర్తయినట్టు కాదు వాళ్లకు.

టీషర్టు బొంతలో కొత్త కష్టం ఒక్కటే ఉంది. చీర నేసిన గుడ్డ, దానికి పడుగు, పేక ఉంటాయి. పట్టి లాగినా పెద్దగా సాగదు. టీషర్టు అల్లిన గుడ్డ. అందులో పడుగూ లేదు, పేకా లేదు. పోగు ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి దూరి ఉంటుంది. అందుకే అది సాగుతుంది, కత్తిరించిన అంచు చాపలా చుట్టుకుపోతుంది. ఈ సాగుడును ముందు ఆపగలిగితే మిగతాదంతా జేజి పద్ధతే.

ఎన్ని టీషర్టులు కావాలి?

ఒక మనిషి కప్పుకునే బొంతకు 20. అడ్డం నాలుగు, నిలువు ఐదు. ఒక్కో ముక్క కుట్టిన తర్వాత 14 అంగుళాలు తేలాలి. ముక్కల మధ్య, చుట్టూ రెండంగుళాల పట్టీ వేస్తే మొత్తం 66 అంగుళాల వెడల్పు, 82 అంగుళాల పొడవు వస్తుంది. సింగిల్ మంచానికి సరిపోయి పక్కలకు కాస్త వేలాడుతుంది.

20 లేకపోతే టీషర్టు ముందూ వెనకా రెండూ వాడండి. కాలేజీ ఫెస్టు టీషర్టులకు వీపు మీద పేర్లు, సంవత్సరం ఉంటాయి. చాలాసార్లు ముందువైపు కంటే అదే బాగుంటుంది. మొదటిసారి కుడుతున్నవాళ్లు తొమ్మిది ముక్కలతో, మూడు వరసల చిన్న బొంత కుట్టండి. ఒళ్లో వేసుకోవడానికి పనికొస్తుంది, చెయ్యి కూడా తిరుగుతుంది.

ఏ టీషర్టులు పనికిరావు?

వెలుతురుకు పట్టుకుంటే అవతల చెయ్యి కనిపించేంత అరిగిపోయినవి. చంక కింద చిరిగినా పర్వాలేదు, మనకు కావాల్సింది ఛాతీ భాగం. ప్రింటు పెచ్చులు లేస్తున్నది వేస్తే, నాలుగు ఉతుకుల్లో ఆ ముక్క ఖాళీగా మిగులుతుంది.

కాలరు టీషర్టుకు గుండీల పట్టీ అడ్డొస్తుంది. వీపు వైపు కత్తిరించుకోండి.

క్రికెట్ జెర్సీలు, కబడ్డీ జెర్సీలు వేయవచ్చా?

వేయవచ్చు, వేరుగా చూడాలి. ముక్క సాగకుండా దాని వెనక పేస్టింగ్, అంటే ఒకవైపు జిగురు ఉండే పల్చటి గుడ్డ, ఇస్త్రీ వేడితో అతికిస్తాం. జెర్సీలు ఎక్కువగా పాలిస్టర్. కాటన్‌కు పెట్టే వేడి పెడితే ముడుచుకుపోతాయి, మెరుపు మచ్చ పడుతుంది, ఇంకా వేడెక్కితే కరుగుతాయి. ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో పెట్టి, పైన గుడ్డ వేసి, ముందు చంక దగ్గరి ముక్క మీద పరీక్షించండి. రంధ్రాలున్న జాలీ గుడ్డ అయితే పేస్టింగ్ జిగురు ఆ రంధ్రాల్లోంచి ఇవతలికి వచ్చి ఇస్త్రీపెట్టెకు అంటుతుంది. అలాంటి దానికి వెనక పల్చటి కాటన్ ముక్క పెట్టి చుట్టూ కుట్టేయడమే మేలు.

ఒకే బొంతలో కాటనూ జెర్సీ కలిసి ఉంటే తప్పు లేదు. మా ఊళ్లో మైదానాల్లో ఆడి పెరిగిన పిల్లలకు జెర్సీ లేని బొంత బొంతే కాదు.

పేస్టింగ్ తప్పనిసరా? జేజి వాడలేదు కదా?

జేజి టీషర్టులు కుట్టలేదు. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: పేస్టింగ్ లేకుండా మొదలుపెట్టొద్దు.

నా మొదటి బొంతకు నేను వేయలేదు. 15 అంగుళాలకు కొలిచి కత్తిరించిన ముక్కలు మిషన్ కిందకు వెళ్లేసరికి ఒకటి 15న్నర, ఒకటి 16. నాలుగు ముక్కల వరస పక్క వరస కంటే మూడు అంగుళాలు పొడవొచ్చింది. లాగి సరిపెట్టి కుడితే మధ్యలో ఉబ్బింది. మా అబ్బాయి మెస్ కమిటీ టీషర్టు మీది అక్షరాలు వంకర తిరిగాయి. రెండు రోజులు కూర్చుని మొత్తం విప్పాను.

టైలరింగ్ సామాన్ల అంగడిలో పేస్టింగ్ అని అడిగితే రెండు మూడు రకాలు చూపిస్తారు. కాలరుకు వేసే మందపుది వద్దు, బొంత అట్టలా తయారవుతుంది. జాకెట్ మెడకు వేసే పల్చటిది తీసుకోండి. అంగడిలోనే ఒక మూల పట్టి రెండు వైపులా లాగి చూడండి. ఏ వైపు అస్సలు సాగదో గుర్తు పెట్టుకోండి. టీషర్టు అడ్డంగా ఎక్కువ సాగుతుంది కాబట్టి, పేస్టింగ్ సాగని వైపు టీషర్టు అడ్డానికి రావాలి. 36 అంగుళాల పన్నా (వెడల్పు) అయితే 20 ముక్కలకు నాలుగున్నర మీటర్లు పడుతుంది. ఖర్చు మొత్తంలో పెద్దది ఇదే. ఇక్కడ మిగుల్చుకోవాలని చూడకండి.

పేస్టింగ్ ఎలా అతికించాలి? నాకు ప్రతిసారీ బుడగలు వస్తున్నాయి.

బుడగలు రావడానికి కారణం ఇస్త్రీపెట్టెను తోయడం. చొక్కా ఇస్త్రీ చేసే అలవాటు చేతికి ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు. పెట్టెను ఎత్తి పెట్టాలి, ఒత్తాలి, ఎత్తాలి.

ముందు టీషర్టులన్నీ ఉతకండి. చివర్లో పరిమళం కోసం, మెత్తదనం కోసం పోసే ద్రవం ఈసారి పోయకండి, జిగురు సరిగ్గా పట్టదు. ఆరాక చేతులు, మెడ, పక్క కుట్లు కత్తిరించి, బొమ్మ మధ్యకు వచ్చేలా 17 అంగుళాల ముక్క తీయండి. పేస్టింగ్ 16 అంగుళాల ముక్కలుగా కోసి పెట్టుకోండి.

బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, టీషర్టు ముక్కను బొమ్మ కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. బటర్ పేపర్ లేకపోతే ప్రింటు వేడికి దుప్పటికి అంటుకుంటుంది. ముక్కను చేత్తో సవరించండి, లాగొద్దు. లాగి అతికిస్తే సాగినప్పటి కొలతే ఉండిపోతుంది, చల్లారాక ముడతలు పడుతుంది. పేస్టింగ్ మీద గరుకుగా జిగురు చుక్కలు తగిలే వైపు గుడ్డకు ఆనించాలి. పైన పల్చటి తడిగుడ్డ వేసి, పెట్టె ఉన్ని గుర్తు దగ్గర పెట్టి, మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట పది పన్నెండు సెకన్లు ఒత్తండి. మొత్తం అయ్యాక చల్లారేదాకా కదిలించొద్దు. వేడి మీద ఎత్తితే అంచులు ఊడుతాయి.

కొందరు బొగ్గుల పెట్టెతో చేయిస్తామంటారు. ఇస్త్రీ బండి దగ్గర ఆ బరువైన పెట్టె ఒత్తిడి నిజంగానే బాగుంటుంది. కానీ వేడి మన చేతుల్లో ఉండదు. ప్రింటున్న టీషర్టుకు అంత సాహసం వద్దు.

ముక్కలు అన్నీ ఒకే కొలతకు రావడం ఎలా?

పేస్టింగ్ అతికాకే అసలు కొలత. గట్టి అట్ట 15 అంగుళాల చదరంగా కోసి, మధ్యలో అడ్డం, నిలువు గీతలు గీయండి. బొమ్మ మధ్యను ఆ గీతలకు సరిపెట్టి, చుట్టూ సుద్ద గీసి కత్తిరించండి. నాలుగు వైపులా అర అంగుళం కుట్టుకు పోతే 14 మిగులుతుంది. బొమ్మ అంచులకు కనీసం అంగుళం ఖాళీ ఉండేలా చూసుకోండి. అక్షరం సగం కుట్టులోకి పోతే తర్వాత ఏం చేసినా కనిపిస్తూనే ఉంటుంది.

ముక్కలన్నీ నేల మీద పరిచి చూడటానికి మన ఇళ్లల్లో కడప బండలు పరిచిన నేల కంటే మంచి చోటు లేదు. బండల మధ్య గీతలు తిన్నగా ఉంటాయి, వాటి వెంట వరస పెడితే ఎక్కడ వంకర పోయిందో వెంటనే కంటికి కనిపిస్తుంది. ముదురు రంగులన్నీ ఒక్క మూలకు చేరకుండా మార్చి మార్చి పెట్టండి. ఒక రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున లేచి చూస్తే తప్పు తెలుస్తుంది. చివరికి ఫోన్‌లో ఫొటో తీసుకుని, ముక్కల వెనక నంబర్లు వేసుకోండి.

మధ్య పట్టీలు తప్పకుండా వేయాలా? ఏ గుడ్డతో?

వేయకుండా ముక్కకు ముక్క కుట్టవచ్చు. నాకైతే పట్టీలుంటేనే ఇష్టం. రెండు సాగే గుడ్డల మధ్య ఒక నేసిన గుడ్డ ఉంటే కుట్టు నిలబడుతుంది, బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడినట్టు అనిపించవు.

పాత గళ్ల లుంగీ దీనికి బంగారం లాంటిది. గళ్ల వెంట కత్తెర పోనిస్తే స్కేలు అక్కర్లేదు. మూడంగుళాల వెడల్పు కోస్తే కుట్టాక రెండంగుళాలు తేలుతుంది. ఎమ్మిగనూరు చేనేత దుప్పటి పాతది ఉంటే అదీ బాగుంటుంది. ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ వాడేముందు తెల్ల గుడ్డను తడిపి దాని మీద గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డ వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందన్న మాట మీద నమ్మకం పెట్టుకుని 20 టీషర్టులు పాడు చేసుకోకండి.

నా దగ్గర ఉన్నది పాత నల్ల మిషన్, కాలితో తొక్కేది. దాని మీద కుట్టవచ్చా?

నేను కుట్టేది దాని మీదే. కానీ మూడు విషయాలు మార్చుకోవాలి.

సూది మొదటిది. జాకెట్లు కుట్టే మొనదేలిన సూది అల్లిన గుడ్డలో పోగును తెంచుతుంది. ఆ రోజు ఏమీ కనిపించదు, రెండు ఉతుకుల తర్వాత కుట్టు వెంట చిన్న చిన్న రంధ్రాలు వరసగా వస్తాయి. బాల్ పాయింట్ సూది అని అడగండి, హోజరీ సూది అన్నా ఇస్తారు. 14 నంబరు. దాని మొన గుండ్రంగా ఉండి పోగులను పక్కకు జరుపుకుని దిగుతుంది.

రెండోది, కుట్టు కాస్త పొడవు పెట్టండి, మూడు మిల్లీమీటర్ల దాకా. మిషన్ పాదం ఒత్తిడి తగ్గించడానికి పైన ఉన్న మరను ఒకటి రెండు చుట్లు వదులు చేయండి.

మూడోది, టీషర్టు ముక్క కిందా, పట్టీ పైనా ఉండేలా పెట్టి కుట్టండి. కింద ఉన్న పళ్లు కింది గుడ్డను ముందుకు లాక్కుంటాయి, పై గుడ్డ వెనకబడుతుంది. సాగే గుడ్డ కింద ఉంటే ఆ కొద్ది సాగుడును పళ్లే సర్దేస్తాయి. దారం పాలిస్టర్‌దే వాడండి, కాటన్ దారం సాగే గుడ్డలో త్వరగా తెగుతుంది.

మధ్యలో ఏం పెట్టాలి? పాలిస్టర్ దూది షీటు కొనమంటున్నారు.

కొనొద్దు. మన అనంతపురం, కర్నూలు, కడపల్లో చలి ఉండేది రెండు మూడు నెలలు, అదీ రాత్రిపూట. ఆ షీటు పెట్టిన బొంత జనవరిలో తెల్లవారుజామున హాయిగా ఉంటుంది, ఫిబ్రవరి దాటాక అటకెక్కుతుంది. చెమట పీల్చదు కూడా.

మెత్తబడిన నూలు చీరలు రెండు పొరలు పెట్టండి. పేస్టింగ్ వేసిన టీషర్టుకే కొంత మందం ఉంటుంది, రెండు పొరలు చాలు. పల్చటి బొంత వానాకాలంలోనూ ఒంటి మీద ఉంటుంది, ఎండాకాలం మిద్దె మీద పడుకున్నప్పుడు కిందికి పరుచుకోవచ్చు. మరీ చలికి ఓర్వలేనివాళ్లు ఒక పొర బదులు పాత ఉన్ని దుప్పటి పెట్టుకోవచ్చు. దూది మాత్రం విడిగా నింపకండి. దగ్గర దగ్గరగా కుట్టకపోతే ఒక ఉతుకుకే ఉండలు కడుతుంది.

అడుగు గుడ్డకు ఎంత కావాలి?

ఐదున్నర మీటర్ల నూలు చీర ఒకటి. పొడవులో 86 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపి కుడితే, వెడల్పు దాదాపు 90 వస్తుంది. మనకు కావాల్సింది 70. మిగిలినదానిలో బొంత చుట్టూ వేసే అంచు పట్టీ కూడా వెళ్లిపోతుంది. లోపలి ఒక్కో పొరకూ ఇదే లెక్క. పట్టుచీర వద్దు, జారుతుంది, ఉతుక్కు ఆగదు.

రాయదుర్గం జీన్స్ కుట్టే ఊరు కాబట్టి అక్కడి కటింగ్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి, అడుగున వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. జీన్స్ అడుగున వేస్తే తడిసినప్పుడు బొంత ఎత్తలేరు, చేతిసూది దిగదు. ఆ ముక్కలు సంచులకు బాగుంటాయి.

పొరలన్నీ కలిపి కుట్టడం ఎలా?

ఇక్కడ మిషన్ పక్కన పెట్టి చేత్తో కుట్టమంటాను. చిన్న మిషన్ కింద అంత బొంత తిప్పడం కష్టం, పొరలు జారి అడుగున మడతలు పడతాయి.

నేల మీద అడుగు గుడ్డ పరిచి, అంచులను టేపుతో బండకు అతికించి, లోపలి పొరలు ఒక్కొక్కటీ చేత్తో మధ్య నుంచి బయటికి సవరిస్తూ పరచండి. పైన టీషర్టుల పొర. మధ్య నుంచి నాలుగు వైపులకూ జానెడు దూరంలో పొడుగు టాకాలు వేయండి. ఈ టాకాలు చివర్లో విప్పేసేవే, కానీ వీటికి గంట పట్టినా పట్టనివ్వండి. ఇద్దరు కూర్చుంటే బాగుంటుంది. మా ఇంట్లో ఈ పనికి మా వదిన వస్తుంది, మాటల్లో సాయంత్రం ఎలా అయిందో తెలియదు.

తర్వాత పట్టీల వెంట, కుట్టుకు పావు అంగుళం దూరంలో, మామూలు పోగులు. దారం రెండు పోగులు కలిపి, పొడుగాటి సూదితో. దబ్బనం వాడొద్దు, దాని రంధ్రం టీషర్టులో పూడదు. 14 అంగుళాల ముక్క మధ్యలో ఏమీ లేకుండా వదిలితే లోపలి పొర జారుతుంది. కాబట్టి బొమ్మ చుట్టూ ఒక వరస పోగులు వేయండి, లేదా ఐదంగుళాలకొక ముడి వేయండి. ప్రింటు మందంగా ఉన్నచోట సూది గుచ్చకండి. అక్కడ పడిన రంధ్రం శాశ్వతం.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

పేస్టింగ్, కటింగ్ రెండు రోజులు. మిషన్ పని ఒక రోజు. చేతి పోగులకు రోజుకు గంటన్నర కూర్చుంటే మూడు వారాలు. దసరా తర్వాత మొదలుపెడితే చలి ముదిరేలోగా అవుతుంది.

చనిపోయినవాళ్ల టీషర్టులతో కుట్టిస్తామంటే కుడతారా?

కుడతాను. ఇప్పటికి మూడు కుట్టాను. ముందు ఒక మాట అడుగుతాను: ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పారా అని. కొన్ని ఇళ్లల్లో పోయినవాళ్ల బట్టలు ఉంచుకోరు, ఎవరికైనా ఇచ్చేస్తారు. కుట్టిన తర్వాత ఇంట్లో మాట వస్తే ఆ బొంత బీరువాలోనే ఉండిపోతుంది.

ఒక్క టీషర్టు ఉతకకుండా, కోయకుండా పక్కన పెట్టుకోమంటాను. బొంత కోసం ఉతికితే వాసన పోతుంది. ఒకామె తన తమ్ముడి టీషర్టులు ఇచ్చి వెళ్లి, మర్నాడు పొద్దున్నే వచ్చి ఒకటి వెనక్కి తీసుకెళ్లింది. అప్పటి నుంచి నేనే ముందుగా చెప్తున్నాను. ఇలాంటి బొంతలో మరకలను తీసేయాలని కూడా చూడను. జేబు మీద పెన్ను మరక ఉంటే జేబుతో సహా ఉంచుతాను. తొందర పడకండి. ఏడాది తర్వాత తెచ్చినా గుడ్డకేమీ కాదు.

పసిపిల్లకు కప్పవచ్చా?

ఏడాది లోపు పిల్లకు నిద్రలో కప్పొద్దు. ముఖం మీదికి జరిగితే తీసుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టడానికి బాగుంటుంది. పసిపిల్ల బొంతలో గుండీలు, పూసలు, ఊడే ప్రింట్లు వేయకండి.

ఉతకడం ఎలా?

చన్నీళ్లు, తక్కువ సబ్బు. బండకేసి బాదొద్దు, బ్రష్ పెట్టొద్దు. మిషన్‌లో వేస్తే విడిగా వేయండి, మెల్లగా తిరిగే సెట్టింగ్‌లో. మా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, ఆరాక గుడ్డ బిరుసెక్కుతుంది. మీకూ అంతే అయితే చివరి జాడింపు మంచినీళ్లతో చేయండి.

ఆరేసేటప్పుడు దండెం మీద ఒక్క మడతలో వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. రెండు దండేల మీద పరిచినట్టు వేయండి, బొమ్మలు లోపలికి ఉండేలా తిరగేసి. మన ఎండకు ప్రింటు పగుళ్లు పడుతుంది, నీడలో ఆరినా ఒక్క పూటలో ఆరిపోతుంది. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు కాదు, పాత చీరలో చుట్టి, ఎండిన వేపాకు పెట్టండి.

నేను కుట్టలేను, మామూలు టైలరుకు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. ముందు రెండు ప్రశ్నలు అడగండి: పేస్టింగ్ వేస్తారా, సూది మారుస్తారా. వేయను, అవసరం లేదు అంటే ఇవ్వకండి. టీషర్టులు ఇచ్చే ముందు ఒక్కొక్కటీ ఫొటో తీసి, బొమ్మలో ఎక్కడిదాకా కావాలో సుద్దతో గీసి ఇవ్వండి. కత్తెర పడ్డాక వెనక్కి రాదు.

మిగిలిన చేతులు, అంచులు ఏం చేయాలి?

భోగి మంటలో వేయకండి, ప్రింటు ప్లాస్టిక్ పొగ మంచిది కాదు. స్టీలు సామాన్లామెకు ముక్కలిస్తే తీసుకోదు. టీషర్టు కింది భాగాన్ని అంగుళం వెడల్పు పేలికలుగా అడ్డంగా కోసి గట్టిగా లాగితే, తనంతట తనే చుట్టుకుని తాడవుతుంది. టమాటా, కాకర తీగలు కట్టడానికి కాడ కోసుకుపోకుండా మెత్తగా ఉంటుంది. చేతుల ముక్కలు సన్నగా కత్తిరించి దిండులో నింపండి. మెడ పట్టీలు మాత్రం నేను ఒక డబ్బాలో దాస్తున్నాను. లోపల సైజు చీటీ, కొన్నింటి మీద హాస్టల్ గది నంబరు మార్కర్‌తో రాసి ఉంటుంది. బొంత వెనక ఒక మూల చిన్న జేబు కుట్టి ఆ చీటీలు అందులో వేసి ఇస్తే, తీసుకున్నవాళ్లు ముందు ఆ జేబులోనే చెయ్యి పెడుతున్నారు.